లెక్కల మాత్రలు

ఈ సంవత్సరము మన పాఠశాల సంచికకు ఏదైనను వ్రాయవలసినదని సంపాదకులు నన్ను కోరినప్పుడు, గణిత వినోదములు నాలుగు కూర్చి యిచ్చి తప్పించుకొందమని మొదట తలంచితిని. ముప్పది యేండ్లుగా లెక్కలు చెప్పుచున్నవానికి అంతకంటె చేతనైన పని యేమున్నది? కాని చాల దినములనుండి ఒక సంగతి నా మనస్సును విడువకున్నది. ఒక విద్యార్థి విషయమున నేను రెండు తప్పులు చేసితిని. మొదటిదానిని దిద్దుకొనబోయి రెండవదానిలో పడితిని. లెక్క తప్పిన బాలునిచేత, తప్పు ఎచ్చట జరిగినదో గుర్తింపజేసి, ఆ లెక్కను మరల మొదటినుండి వ్రాయించుట నా యలవాటు. ఉపాధ్యాయునికి వేఱొక న్యాయము లేదు గదా! కావున నా తప్పులను నేనే గుర్తించి యిచ్చట వ్రాయుచున్నాను. చదువుకొను పిల్లలకును, వారిని కన్నవారికిని, నా తోడి ఉపాధ్యాయులకును ఇందు కొంత ప్రయోజనము గలుగునని నా నమ్మకము.

ఇది నేను ఈ పాఠశాలకు రాకపూర్వము, వేఱొక యూర పనిచేయు దినములలో జరిగినది. ఆ యూరి పేరుగాని, బాలుని పేరుగాని చెప్పను. అతని సొంత సంగతిని ఒకమారు పదిమంది యెదుట బయటపెట్టి చేసిన అపరాధము చాలును. ఇప్పుడు వ్రాయుటకు అతనివద్దను, అతని తల్లివద్దను అనుమతి పొందియే కలము పట్టితిని.

అతడు తొమ్మిదవ తరగతి చదువుచుండెను. తండ్రికి రైలుగేటు ప్రక్కన చిన్న సైకిలు దుకాణము. తల్లి ఇంటివద్ద మిషనుమీద బట్టలు కుట్టుచుండెడిది. బాలుడు తెలివిలేనివాడు కాడు. నేను నల్లబల్లమీద లెక్క వ్రాయుట ముగియకమునుపే జవాబు అఱచి చెప్పెడివాడు. పలుమారు అది సరియైనదే యగుచుండెను. కాని అదే లెక్కను పుస్తకమున చేయుమనినచో, రెండు మెట్లు చక్కగా వ్రాసి, మూడవ మెట్టు విడిచి, నాలుగవ మెట్టున కూడికకు మారుగా తీసివేత చేసి, అంతటితో ఆపి, కిటికీ వెలుపలి కాకిని చూచుచుండెడివాడు. జ్యామితి పెట్టె తెచ్చిననాడు పుస్తకము తేడు; పుస్తకము తెచ్చిననాడు పెన్ను ఉండదు. ఒక్క వానకాలములో మూడు గొడుగులు పోగొట్టెను. కూర్చున్నంతసేపు కాలు ఆడుచునే యుండును. ఇతరుల మాటకు అడ్డు తగులును. వరుసలో తన వంతు వచ్చువఱకు నిలువలేడు. లెక్కల పరీక్షలో అతనికి నూటికి ఇరువది మార్కులు దాటిన జ్ఞాపకము నాకు లేదు.

నేను అతనికి పెట్టిన పేరు "గాలిపటము". ఆ పేరు పిలిచినప్పుడెల్ల తరగతి యంతయు నవ్వెడిది, అతడును నవ్వెడివాడు. ఆ నవ్వు చూచి వీనికి సిగ్గు లేదని నేననుకొంటిని. బెంచీ యెక్కించితిని, గోడవైపు మొగము త్రిప్పి నిలువబెట్టితిని, తప్పిన లెక్కను ఇరువదిమారులు వ్రాయించితిని. వ్రాసి తెచ్చిన కాగితమున ఏడవమారునుండి అంకెలే మారిపోయెను.

ఒకనాటి సాయంకాలము నా సైకిలు వెనుకచక్రము వంకరపోగా ఆ దుకాణమునకే వెళ్ళితిని. తండ్రి లేడు. ఈ బాలుడే చక్రము ఊడదీసి, ఒక్కొక్క స్పోకును కొంచెము బిగించుచు, కొంచెము వదలు చేయుచు, చక్రమును త్రిప్పి చూచుచు, ముప్పావుగంట తలయెత్తక కూర్చుండి బెండు తీసెను. నేను దానిని చూచి మెచ్చుకొనవలసినది. మెచ్చుకొనలేదు సరికదా, దొంగ దొరికినాడని సంతోషించితిని. ఇనుము ముందు నిలుచు మనస్సు అంకెల ముందు నిలువకుండుటకు సోమరితనము గాక కారణమేమి? ఇష్టమైనచో చేయును, లేనిచో చేయడు. మఱునాడు అతనిని శిక్షించుటకు ఆ చక్రమే నాకు సాక్ష్యమయ్యెను. ఇది నా మొదటి తప్పు.

కొంతకాలమునకు ఒకనాడు బాలుని తల్లి మా గదికి వచ్చి ఒక కాగితము నా చేతి కిచ్చెను. మా సైన్సు ఉపాధ్యాయిని సలహామీద ఆమె పిల్లవానిని విశాఖపట్టణమున ఒక మానసిక వైద్యురాలికి చూపినదట. "మాస్టారండీ, మా మాటొక్కటే చాలదన్నారండి డాక్టరమ్మగారు. బళ్ళో ఎలా ఉంటాడో మీరు రాసివ్వాలటండి. జాలిపడి మంచిగా రాయొద్దండి, కోపంకొద్దీ చెడ్డగా రాయొద్దండి. ఉన్నది ఉన్నట్టు రాయండి" అని ఆమె చెప్పెను.

ఆ కాగితముమీద ప్రశ్నలుండెను. ప్రతి ప్రశ్నకును నాలుగు జవాబులు: ఎన్నడును లేదు, అప్పుడప్పుడు, తఱచుగా, మిక్కిలి తఱచుగా. అజాగ్రత్తవలన చిన్న విషయములలో తప్పులు చేయునా? ఎదుట నిలిచి మాటలాడినను విననట్లుండునా? ఆరంభించిన పనిని ముగింపక విడుచునా? కావలసిన వస్తువులను పోగొట్టునా? ప్రశ్న పూర్తికాకముందే జవాబు చెప్పునా? తన వంతు వచ్చువఱకు ఆగలేకపోవునా? చదువుకొలది నా చేయి నిదానించెను. నేను ఇన్నాళ్ళు నేరములుగా లెక్కించి శిక్షించినవన్నియు, ఎన్నడో ఎచ్చటనో వైద్యులు లక్షణములుగా వరుసపెట్టి అచ్చువేసి యుండిరి. ఆ రాత్రి ఆ కాగితము నింపుటకు నాకు రెండు గంటలు పట్టెను.

ఒక సెలవుదినమున ఆ దంపతులతోపాటు నేనును వైద్యురాలివద్దకు వెళ్ళితిని. ఆమె చాల ఓపికతో చెప్పిన సంగతులను నాకు తెలిసిన మాటలలో ఇచ్చట చెప్పెదను. ఈ స్థితిని ఏ.డి.హెచ్.డి. యని పిలిచెదరు. శ్రద్ధ నిలువకుండుట, అతిచాంచల్యము, ముందువెనుకలు చూడని తొందర అనునవి దీని గుణములు. కొందఱిలో, ముఖ్యముగా అనేకమంది బాలికలలో, అల్లరి యుండదు. ఊరక కూర్చుండియే మనస్సు ఎచ్చటనో తిరుగుచుండును. అట్టివారిని మనము గుర్తింపనైనను గుర్తింపము. ఇది నేడు పుట్టిన మాట కాదు. 1902లో లండనునందు జార్జి స్టిల్ అను శిశువైద్యుడు ఇట్టి పిల్లలను గూర్చి వైద్యసభలో ఉపన్యాసములిచ్చెను. ప్రపంచమున పిల్లలలో నూటికి సుమారు అయిదుగురికి ఇది యుండునని పరిశోధకుల యంచనా.

అయితే అల్లరిచేయు ప్రతి బాలునికి ఇది యున్నదనుకొనరాదు. లక్షణములు పండ్రెండేండ్ల లోపుననే కనబడి యుండవలెను. ఆఱు నెలలైనను విడువక నిలిచియుండవలెను. ఇంటను, బడిలోను, రెండుచోట్లను కనబడవలెను. వానివలన చదువునకో స్నేహములకో నిజమైన నష్టము కలుగుచుండవలెను. చూపు లోపము, వినికిడి లోపము, నిద్ర చాలకుండుట, ఇంటిలోని దుఃఖము, భయము అనునవి కూడ పిల్లవానిని ఇట్లే కనబఱుపవచ్చును. మొదట వానిని విచారించి తీరవలెను. రక్తము పరీక్షించియో, మెదడునకు చిత్రము తీసియో దీనిని నిర్ణయించుటకు వీలులేదు. దగ్గఱనుండి చూచినవారి సాక్ష్యమే ప్రధానము. అందుకే నా కాగితము కావలసివచ్చెను.

"మఱి సైకిలు చక్రమువద్ద ముప్పావుగంట ఎట్లు కూర్చున్నాడమ్మా?" అని నేనడిగితిని. ఆమె నవ్వి, "శ్రద్ధ లేక కాదండీ మాస్టారూ. ఉన్న శ్రద్ధను కావలసినచోటికి త్రిప్పుకొనే పగ్గం వాడి చేతిలో లేదు" అనెను. స్పోకు బిగించిన మఱుక్షణమున చక్రము ఫలితము చూపును. బీజగణితమున ఫలితము పది మెట్ల యవతల నున్నది. అంతదూరము మనస్సును నడిపించుకొనిపోవుటకు మెదడు ముందుభాగము పనిచేయవలెను. అచ్చట డోపమిన్, నారడ్రినలిన్ అను రసాయనములు ఒక నాడీకణమునుండి మఱియొకదానికి వార్తలు చేరవేయును. మిథైల్‌ఫెనిడేట్ అను మందు, ఆ రసాయనములను కణములు వెంటనే వెనుకకు పీల్చుకొనకుండ అడ్డుపడి, వానిని మఱికొంతసేపు నిలుపును. ఉత్తేజము కలిగించు మందు చంచలుని కుదురుగా కూర్చుండబెట్టుట వినుటకు వింతగా నుండును. ఉత్తేజము పొందునది కళ్ళెము పట్టుకొను భాగమని తెలిసినచో ఆ వింత తీఱును.

వెంటనే మందు వ్రాసి పంపలేదు. బాలుని ఎత్తు, బరువు, నాడి, రక్తపుపోటు చూచిరి. వంశమున ఎవరికైనను గుండెజబ్బు కలదా, చిన్నవయస్సున హఠాత్తుగా మరణించినవారు కలరా యని అడిగిరి. తల్లిదండ్రులు ఇంట నడుచుకొనవలసిన పద్ధతులు చెప్పిరి. పిమ్మట ఉదయము ఫలాహారమైన తరువాత 5 మిల్లీగ్రాములతో ఆరంభించి, వారములమీద చూచి చూచి పెంచుదమనిరి. ఈ మాత్ర పనిచేయునది మూడు నాలుగు గంటలు మాత్రమే. ఎక్కువసేపు పనిచేయు రకములును గలవు.

దీనిని కొనుట సులభము కాదు. ఈ మందు 1985 నాటి మత్తుపదార్థముల చట్టమునకు లోబడినది. ఔషధ నిబంధనలలో ఎక్స్ షెడ్యూలున చేర్పబడినది. వైద్యుని చీటి రెండు ప్రతులుండవలెను. అందొకదానిని అంగడివాడు రెండేండ్లు దాచవలెను. మందును తాళమువేసిన అలమారలో పెట్టవలెను. మా యూర ఏ మందుల అంగడిలోను అది దొరకలేదు. తండ్రి నెలకొకమారు దుకాణము మూసి, ప్యాసింజరు బండిలో విశాఖపట్టణము పోయి తెచ్చుచుండెను. "ఇన్ని తాళాలేసిన మందు పిల్లాడికి వెయ్యొచ్చాండీ మాస్టారూ?" అని అతడు నన్నొకమారు అడిగెను. తండ్రి యడుగదగిన ప్రశ్నయే. అప్పుడు నాకు జవాబు తెలియలేదు.

మూడవ వారమున ఒకనాడు తరగతికి పది లెక్కలిచ్చితిని. గంట కొట్టునప్పటికి ఆ బాలుడు తొమ్మిది చేసియుండెను. అందు ఏడు సరియైనవి. పుస్తకము నా బల్లమీద పెట్టి, మెల్లగా, "లోపల సంత ఆగిందండీ మాస్టారూ" అనెను. ఆ మాట నేను ఈనాటికిని మఱువలేను. పదునాలుగేండ్లు ఆ పిల్లవాడు సంతనడుమ కూర్చుండి చదువుకొనుచున్నాడని నాకు అప్పుడు గాని తెలియలేదు.

అప్పుడైనను నేను మౌనముగా నుండవలసినది. సంతోషము పట్టజాలక ఆ పుస్తకమును తరగతి యెదుట ఎత్తి చూపి, "చూచితిరా, ఒక చిన్న మాత్ర ఎంత పని చేసినదో! గాలిపటము నేలకు దిగినది" అంటిని. బాలుని మొగము వాడిపోయెను, నేను గమనింపలేదు. ఒకరి చికిత్సను పదిమందిలో చెప్పుట నీచము. అంతకంటె పెద్ద దోషము వేఱొకటి యా మాటలో నున్నది. ఏడు లెక్కలు చేసినవాడు బాలుడు. నేను ఆ కీర్తిని మాత్ర కిచ్చితిని. మఱునాటినుండి పిల్లలు దానిని "లెక్కల మాత్ర" యని పిలువసాగిరి. ఇది నా రెండవ తప్పు. దాని ఫలము అర్ధసంవత్సర పరీక్షలలో కనబడెను.

ఆ తరగతిలో ఎల్లప్పుడు మొదటివాడుగా నుండు బాలుడొకడు గలడు. అతనికి ఈ లోపము లేదు. మొదటి స్థానము పోవునేమో యన్న భయము మాత్రము మెండుగా గలదు. అతడు మన బాలునికి నోట్సు ఇచ్చి సహాయము చేయుచుండెడివాడు. లెక్కల పరీక్షకు ముందటి దినమున రెండు మాత్రలు అడిగి పుచ్చుకొనెను. అప్పటికి అవి 10 మిల్లీగ్రాములవి. రాత్రి ఒకటి, తెల్లవాఱుజామున ఒకటి మ్రింగి, నడుమ కాఫీ త్రాగుచు, నిద్రలేక కూర్చుండెను. పరీక్షాస్థలమున మొదటి ప్రశ్నకే నాలుగు పుటలు వ్రాసి, కొట్టివేసి, మరల వ్రాయుచుండెను. చేయి వణకుచుండెను, నుదుట చెమట. నేను దగ్గఱకు పోగా, "గుండె దడదడలాడుతోంది మాస్టారూ, భయంగా ఉంది" అని కలము విడిచెను. వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోతిమి. నాడి నిమిషమునకు నూటముప్పది దాటి యుండెను. రాత్రివఱకు కనిపెట్టి చూచిరి, మఱునాటికి కుదుటబడెను. తెలియని గుండెదోషమేదైన నుండిన యెడల ఏమగునోయని ఆలోచించి ఆ రాత్రి నాకు నిద్రలేదు.

విచారణ జరిగెను. మత్తుమందులు అమ్మినాడని, ఆ బాలుని బడినుండి తీసివేయవలెనని కొందఱనిరి. తల్లి గుమ్మమువద్ద నిలిచియుండెను. ప్రధానోపాధ్యాయు లడుగగా బాలుడు, "నేను అమ్మలేదండీ. వాడు నాకు నోట్సు ఇస్తాడు కదా, నేను ఇది ఇచ్చానండి. మంచిదని మాస్టారే చెప్పారండి" అనెను. అందులో నామీద నింద యేమియు లేదు; వానికి తెలిసిన సత్యము చెప్పెను. నేను లేచి, "అయ్యా, మొదటి దోషి నేను. తరగతిలో ఆ మందును కొనియాడి ప్రకటించినవాడను నేనే" అని జరిగినదంతయు చెప్పితిని. బాలుని మందలించి విడిచిరి. మాత్రలు ఇకమీదట తల్లి తాళములో నుండవలెననియు, బడిలో వేయవలసివచ్చినచో ఆఫీసులో పెద్దల యెదుట వేయవలెననియు నిర్ణయించిరి. మఱునాడు తరగతిలో ఆ బాలుని రెండింటికి క్షమాపణ యడిగితిని: పెట్టిన పేరునకు, బయటపెట్టిన సంగతికి. విద్యార్థుల యెదుట నేను క్షమాపణ కోరుట అదియే మొదటిసారి.

ఈ సంగతియంతయు వైద్యురాలికి చెప్పినప్పుడు, "లెక్కల మాత్ర" అను పేరు విని ఆమె ఆశ్చర్యపడెను. అది మా పిల్లలు పుట్టించిన పేరు కాదు. వారికి ముందే ఇతర దేశపు పిల్లలు పెట్టియుండిరి. అమెరికాలో రోడ్ ఐలండు రాష్ట్రమున, ఈస్ట్ ప్రావిడెన్సు అను పట్టణములో, 1931లో తెఱచిన ఒక పిల్లల ఆసుపత్రి గలదు. ఒక ధనికుని కుమార్తె ఏడవయేట మెదడువాపు తగిలి జీవితాంతము బాధపడగా, ఆమె పేరున ఏర్పడినది. అచ్చటి వైద్యుడు చార్లెస్ బ్రాడ్లీ పిల్లల మెదడును ఎక్స్-రే తీయుటకు వెన్నెముకనుండి ద్రవము తీయించెడివాడు. దానివలన వారికి భరింపరాని తలనొప్పి వచ్చెడిది. ఆ నొప్పి తగ్గునేమోయని బెంజెడ్రిన్ అను ఉత్తేజకమును ఇచ్చి చూచెను. తలనొప్పి విషయమున పెద్ద మేలు కలుగలేదు. కాని పాఠములు చెప్పు ఉపాధ్యాయులు వింత మార్పును కనిపెట్టిరి: నిలువని పిల్లలు నిలిచి, ఆసక్తితో పాఠములు చేయుచుండిరి. బ్రాడ్లీ 30 మంది పిల్లలకు ఒక వారము ఈ మందిచ్చి, 1937లో ఫలితములను ప్రకటించెను. 14 మందికి చదువున మిక్కిలి స్పష్టమైన అభివృద్ధి కలిగెను. మందు ఆపిననాడే ఆ మార్పును పోయెను. ఆ పిల్లలే వానికి "లెక్కల మాత్రలు" అని పేరుపెట్టిరి.

మన బాలుడు పుచ్చుకొనిన మిథైల్‌ఫెనిడేట్ ఆ తరువాతిది. దానిని 1944లో స్విట్జర్లాండునందు లియాండ్రో పానిజోన్ అను రసాయన శాస్త్రజ్ఞుడు తయారుచేసెను. ఆయన భార్య రీటా రక్తపుపోటు తక్కువగుటచే, టెన్నిసు ఆడుటకు ముందు దానిని పుచ్చుకొనెడిదట. "రిటాలిన్" అను వ్యాపారనామము ఆమె పేరునుండి వచ్చినది. ఇట్లు తలనొప్పికని యిచ్చినదొకటి, బడలికకని వాడినదొకటి, పిల్లల చదువునకు వచ్చి చేరినవి. చరిత్రయందు నన్ను ఆకర్షించినది వేఱొకటి. 30 మందిలో 14 మంది యనగా సగమునకు లోపు. మొదటినాటి ఆ లెక్కయే, ఈ మాత్ర అందఱి కొఱకును కాదని చెప్పుచున్నది.

లోపము లేనివారు తెలివికొఱకు మ్రింగినచో ఏమగును? 2023లో ప్రకటింపబడిన ఒక ప్రయోగమును ఆ తరువాత చదివితిని. మెల్బోర్నున పరిశోధకులు 40 మంది ఆరోగ్యవంతులైన యువజనులకు ఒక సంచి లెక్క యిచ్చిరి. బరువులును విలువలును వేఱువేఱుగా నున్న వస్తువులలో, సంచి మోయగల బరువునకు మించకుండ, ఎక్కువ విలువ వచ్చునట్లు కొన్నింటిని ఏరవలెను. ఉత్తేజకములు పుచ్చుకొన్నప్పుడు వారు ఎక్కువసేపు, ఎక్కువ ఉత్సాహముతో వస్తువులను మార్చి మార్చి చూచిరి. కాని ఏరుకొన్న తీరు దిగజారెను. మందు లేనప్పుడు సగటుకంటె మిన్నగా చేసినవారు, మిథైల్‌ఫెనిడేట్ పుచ్చుకొన్నప్పుడు సగటుకంటె తక్కువకు పడుచుండిరి. మొదటి ప్రశ్నకు నాలుగు పుటలు వ్రాసిన మా మొదటి ర్యాంకు బాలుడు నాకు వెంటనే జ్ఞప్తికి వచ్చెను. శ్రమ పెరిగెను; సారము తరిగెను.

అవసరమైనవానికి సైతము ఇది ఖర్చులేని మేలు కాదు. మన బాలుని మధ్యాహ్నపు డబ్బా చాల దినములు ముట్టకుండ ఇంటికి పోయెను. రెండు నెలలలో రెండు కిలోల బరువు తగ్గెను. ఆలస్యముగా వేసిననాడు రాత్రి నిద్ర పట్టదు. తలనొప్పి, కడుపునొప్పి, నాడియు రక్తపుపోటును కొంచెము పెరుగుట కూడ కలుగవచ్చును. వైద్యురాలు మోతాదు సరిచేసి, మాత్రకు ముందే కడుపునిండ పెట్టవలెననియు, రాత్రి భోజనము బలముగా నుండవలెననియు చెప్పగా కొంత కుదిరెను. ఎత్తు, బరువు ప్రతిమారు వ్రాసికొనుటకు కారణము కూడ ఉన్నది. అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ పూనికతో 579 మంది పిల్లలను పరిశీలించిరి. 14 నెలల ఫలితములు 1999లో వచ్చినవి. జాగ్రత్తగా సరిచూచుచు ఇచ్చిన మందు, నడవడి శిక్షణ మాత్రమే పొందినవారికంటె ముఖ్య లక్షణములను ఎక్కువగా తగ్గించెను. కాని మూడేండ్లు గడచునప్పటికి ఆ గుంపుల నడుమ భేదము లేకపోయెను. విడువక మందు వాడినవారి ఎదుగుదల సుమారు 2 సెంటీమీటర్లు వెనుకబడెను. ఈ రెండు ఫలితములను కలిపి చదువవలెను. మందు పనిచేయుట నిజము. అది శాశ్వతముగా నయముచేయదనుటయు నిజము.

"ఇన్ని తాళాలేసిన మందు వెయ్యొచ్చా?" అన్న ఆ తండ్రికి నేనిప్పుడు జవాబు చెప్పగలను. వైద్యుని కంటిక్రింద, చెప్పిన మోతాదులో పుచ్చుకొన్న పిల్లలు దానివలన తరువాత మత్తునకు బానిసలగుదురను భయమును పరిశోధనలు బలపఱుపలేదు. తాళములు వేసినది ఆ పిల్లవానికొఱకు కాదు, ప్రక్కవానికొఱకు. దుర్వినియోగముచే వ్యసనము, మితిమీరిన మోతాదువలన మరణము సైతము కలుగవచ్చునని అమెరికా ఔషధాధికారులు 2023లో ఈ జాతి మందులన్నిటి పెట్టెలతో వచ్చు హెచ్చరికను మరింత గట్టిపఱచిరి. స్నేహితునికి ఇచ్చుట కూడ దుర్వినియోగమే.

మాత్ర తెచ్చిన కుదురును వాడుకొనుట మా వంతయ్యెను. బాలుని కిటికీనుండి మొదటి వరుసకు మార్చితిని. పది లెక్కలకు మారుగా మూడేసి లెక్కలిచ్చి, ప్రతి మూడింటికి నేను చూచి గుఱుతు పెట్టుచుంటిని. చక్రమునకు స్పోకు బిగించినట్లు ఫలితము వెంటనే కనబడవలెనని నా యుద్దేశము. నడుమ నడుమ సుద్దముక్కలు తెచ్చుటకో, పుస్తకములు పంచుటకో లేపుచుంటిని. తల్లి తలుపు వెనుక ఒక అట్ట కట్టి, సంచిలో పెట్టవలసిన వస్తువులను వరుసగా వ్రాసెను. చిత్రమేమనగా, ఈ పద్ధతులవలన తరగతిలోని మిగిలినవారును బాగుపడిరి. వీనిని మాత్రకు ముందే నేనేల చేయలేదని ఇప్పటికిని నన్ను నేనడుగుచుందును.

ఆ బాలుడు పదవ తరగతి లెక్కలలో నూటికి 61 మార్కులు తెచ్చుకొని, పాలిటెక్నిక్కులో యంత్రశాఖ చదువుచున్నాడు. వైద్యురాలు చెప్పినంతవఱకు మాత్ర కొనసాగించుచున్నాడు. గొడుగులు ఇప్పటికిని పోగొట్టుచున్నాడట. గడచిన సంక్రాంతికి నన్ను చూడవచ్చి, గుమ్మములోని నా సైకిలు చక్రము త్రిప్పిచూచి, అడుగకుండగనే బెండు తీయుటకు కూర్చుండెను. ఈమారు నేను ప్రక్కన పీట వేసికొని కూర్చుండి, ఆ పని యంతయు చూచితిని.

తల్లిదండ్రులారా, పిల్లవాడు నిలువలేకపోయినచో కొట్టుటకు ముందు వైద్యునికి చూపుడు. పరీక్షలలో మార్కులకొఱకు మాత్ర వ్రాయుమని మాత్రము వైద్యుని అడుగకుడు. తోడి ఉపాధ్యాయులారా, మన చేతికి వచ్చు ప్రశ్నల కాగితమును ఉన్నది ఉన్నట్లు నింపుదము. పిల్లల చికిత్సను మన నోట ప్రకటింపకుందము. విద్యార్థులారా, మీ స్నేహితుడు మందు పుచ్చుకొనుచున్నాడని తెలిసినచో నవ్వకుడు, అడుగకుడు. పరీక్షకు ముందటి రాత్రి మీకు కావలసిన మందు నిద్ర. మీలో ఎవనికైనను లోపల సంత ఆగకున్నచో, సిగ్గుపడక వచ్చి నాతో చెప్పుడు. నా గది తలుపు తెఱచియే యుండును. ఈమారు నేను ఎవరికిని చెప్పను.